కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కు: అట్లాంటిక్ దాటే యాట్‌ను, సిబ్బందిని సిద్ధం చేయడం

స్పెయిన్ ఏలుబడిలోని కెనరీ దీవుల్లో ఉన్న లాస్ పాల్మాస్ రేవు నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియా దాకా సుమారు 2,700 నాటికల్ మైళ్లు. మన లెక్కలో 5,000 కిలోమీటర్లు. 40 అడుగుల తెరచాప బోటు ఈ దూరాన్ని మామూలుగా 18 నుంచి 21 రోజుల్లో దాటుతుంది. ఈశాన్య వ్యాపార పవనాలు వెనక నుంచి తోస్తాయి కాబట్టి మహాసముద్రం దాటే దారుల్లో ఇదే తేలికైనదని పేరు. ఆ పేరు నమ్మి తుఫానుకు మాత్రం సిద్ధపడి బయల్దేరేవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు. డిసెంబర్, జనవరి నెలల్లో ఈ దారిలో పెద్ద తుఫాను అరుదు. బోట్లను పాడుచేసేది రాపిడి.

వెనక గాలికి నడిచే బోటు ఒక పక్కకు ఒరిగి స్థిరంగా ఉండదు. కుడికీ ఎడమకీ ఊగుతూనే ఉంటుంది. నిమిషానికి 12 సార్లు ఊగినా రోజుకు 17,000 సార్లు, 20 రోజులకు దాదాపు మూడున్నర లక్షల సార్లు. ప్రతి ఊపుకూ ఏదో ఒక తాడు ఎక్కడో ఒక అంచు మీద అర అంగుళం జరుగుతుంది, ఏదో ఒక బోల్టు వెంట్రుకవాసి కదులుతుంది. తీరం వెంట వారాంతపు ప్రయాణాల్లో పదేళ్లయినా బయటపడని లోపం ఇక్కడ పదో రోజుకు విరిగి చేతికొస్తుంది. అందుకే సిద్ధం కావడమంటే కొత్త పరికరాలు కొనడం కంటే ముందు బోటంతా తిరిగి ఏది దేనికి రాసుకుంటోందో, ఏది వదులవుతుందో వెతకడం. కింద ఇచ్చిన లెక్కలన్నీ 40 అడుగుల బోటుకు, నలుగురు మనుషులకు.

ఎప్పుడు వెళ్లాలి

అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 1986లో మొదలైన ఏఆర్‌సీ ర్యాలీ, అంటే యాట్లన్నీ కలిసి అట్లాంటిక్ దాటే యాత్ర, ఏటా నవంబర్ చివర్లో లాస్ పాల్మాస్ నుంచి కదులుతుంది. విడిగా వెళ్లే బోట్లు కూడా చాలావరకు ఆ రోజుల్లోనే బయల్దేరతాయి. క్రిస్మస్‌కు కరీబియన్‌లో ఉండాలన్న ఆశ దీనికి సగం కారణం. గాలి మాటకొస్తే జనవరి మేలు. నవంబర్ ఆఖరుకు వ్యాపార పవనాలు ఇంకా కుదురుకోకపోవచ్చు. ఉత్తరాన అల్పపీడనం లోతుగా దిగితే వారం రోజులు గాలి పడిపోవచ్చు, ఎదురుగాలి కూడా రావచ్చు. మీ బీమా పత్రంలో హరికేన్ ప్రాంతంలోకి ఏ తేదీకి ముందు అడుగుపెట్టకూడదో రాసి ఉంటుంది, తేదీ ఖాయం చేసుకునే ముందే అది చదవండి.

మాస్ట్, తీగలు, తాళ్లు

మూడు నెలల ముందు మొదలుపెట్టాల్సిన పని ఇది. మాస్ట్‌ను, అంటే తెరచాపలు మోసే స్తంభాన్ని, నిలబెట్టే ఉక్కు తీగల వయసు కనుక్కోండి. పది, పన్నెండేళ్లు దాటితే చాలా బీమా సంస్థలు మార్చమంటాయి, అడగడంలో న్యాయమూ ఉంది. తీగ చివర స్టీలు గొట్టంలోకి దిగే చోటే ముందుగా పాడవుతుంది. ఆ చోట టార్చి వేసి, భూతద్దం పెట్టి చూడండి. తుప్పు గీత, జుట్టంత సన్నని పగులు, పైకి లేచిన ఒక్క పోగు కనిపించినా ఆ తీగ మార్చాల్సిందే. 19 పోగుల తీగలో ఒకటి తెగిందంటే మిగతా 18 కూడా అంతే పాతవని అర్థం.

మాస్ట్ పైకి మనిషిని ఎక్కించి ప్రతి పిన్నునూ చేత్తో తాకి చూడమనండి. కింద నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తే సరిపోదు. పిన్ను జారిపోకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్నుల కొమ్ములు కొద్దిగా, ఓ 20 డిగ్రీలు, విప్పి ఉండాలి. పూర్తిగా వెనక్కి మడిచేస్తే అత్యవసరంలో ఊడదీయలేరు. కొమ్ములు తెరచాపను చింపకుండా టేపు చుట్టండి. మాస్ట్ శిఖరం దగ్గరి కప్పీలు స్వేచ్ఛగా తిరుగుతున్నాయా, పక్కల్లో తాడు ఇరుక్కునేంత సందు పడిందా అన్నది కూడా అప్పుడే తేలిపోవాలి.

హాలియార్డ్, అంటే తెరచాపను పైకెత్తే తాడు, 20 రోజులూ కప్పీ మీద ఒకేచోట ఆని ఉంటుంది. సరిగ్గా అక్కడే తెగుతుంది. కాబట్టి తాడును అవసరానికంటే ఒకటి రెండు మీటర్లు పొడవుగా ఉంచుకోండి. ఐదు రోజులకోసారి చివర 20 సెంటీమీటర్లు కోసి మళ్లీ ముడివేస్తే రాపిడి పడే చోటు మారుతుంది. తాడును కోయడానికి మనసొప్పనివాళ్లు రోజూ ఒక అంగుళం వదలడమో, బిగించడమో చేసినా చాలావరకు అదే ఫలితం. ముందు తెరచాపకు ఒకటి, మెయిన్‌కు, అంటే మాస్ట్ వెనకుండే ప్రధాన తెరచాపకు, ఒకటి అదనపు హాలియార్డ్ ముందే మాస్ట్‌లో దూర్చి ఉంచండి. నడిసముద్రంలో ఊగే మాస్ట్ ఎక్కి కొత్త తాడు దూర్చడం ప్రాణాంతకమైన పని.

మెయిన్ తెరచాపను వెనక గాలికి పూర్తిగా బయటికి వదిలితే అది పక్క తీగల మీద, ఆ తీగలను మాస్ట్‌కు దూరంగా పట్టే స్ప్రెడర్ల కొసల మీద ఆనుతుంది. రేవులో గాలి లేని ఉదయం తెరచాప ఎత్తి, బూమ్‌ను (మెయిన్ కింది అంచును పట్టే కడ్డీని) ఆ స్థానానికి నెట్టి, ఎక్కడెక్కడ తగులుతోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. మొదటి రీఫ్, రెండో రీఫ్ (తెరచాపను కొంత దించి చిన్నది చేయడం) వేసి కూడా అదే చేయండి, ఎందుకంటే తగిలే చోట్లు మారతాయి. ఆ గుర్తుల మీద, తెరచాపకు రెండు పక్కలా, అంటుకునే తెరచాప గుడ్డ అతికించండి. బూమ్‌ను కిందికి లాగే వ్యాంగ్ బిగించి ఉంచితే తెరచాప పైకీ కిందికీ అరగదీసుకోవడం సగానికి సగం తగ్గుతుంది. అతుకు గుడ్డ కనీసం ఐదు మీటర్లు, మైనం పట్టించిన దారం, మూడు నాలుగు రకాల సూదులు, అరచేతికి తొడిగే తోలు పట్టా సంచిలో పెట్టుకోండి.

తర్వాత ప్రివెంటర్. వెనక గాలిలో బోటు కాస్త దారి తప్పితే బూమ్ ఒక్కసారిగా అవతలి పక్కకు కొట్టుకొస్తుంది. హుస్సేన్ సాగర్‌లో డింగీ, అంటే చిన్న తెరచాప బోటు, నడిపినవాళ్లకు ఈ దెబ్బ తెలుసు, తల వంచితే సరిపోతుంది. 40 అడుగుల బోటు బూమ్ మాత్రం తల పగలగొడుతుంది, తగలకపోతే మాస్ట్ దగ్గరి కీలునే విరిచేస్తుంది. దాన్ని ఆపే తాడు బూమ్ చివరి కొస నుంచి బయల్దేరి, బోటు ముందు భాగంలో ఒక కప్పీ చుట్టూ తిరిగి, కాక్‌పిట్‌లోని (బోటు నడిపేవాళ్లు కూర్చునే చోటు) వించ్‌కు, అంటే తాడు బిగించే గిరకకు, రావాలి. బూమ్ మధ్యలో కట్టడం చాలా బోట్లలో కనిపించే తప్పు. కొస నీళ్లలో ముంచుకున్నప్పుడు బూమ్ మధ్యకు విరిగేది అలాగే. కుడికొకటి, ఎడమకొకటి రెండు ప్రివెంటర్లు శాశ్వతంగా అమర్చుకుంటే తెరచాప పక్క మార్చేటప్పుడు ఎవరూ రాత్రిపూట ముందుకు పాకాల్సిన పని ఉండదు.

ముందు తెరచాపను గాలికి తెరిచి పట్టుకునే పోల్‌కు మూడు తాళ్లుండాలి: పైకి ఒకటి, ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి. అప్పుడు పోల్ తనంతట తానే స్థిరంగా నిలబడుతుంది, ఉరుము మేఘం వచ్చినప్పుడు పోల్‌ను కదపకుండానే తెరచాపను చుట్టేయొచ్చు. తెరచాప తాడు పోల్ కొస దవడలో రాసుకునే చోట పాత తోలో, చీల్చిన ప్లాస్టిక్ గొట్టమో తొడగండి. ఇది మూడు రోజులకే అరిగే చోటు.

చుక్కాని, దాన్ని పట్టే యంత్రం

భారత నౌకాదళ మహిళా అధికారులు ఆరుగురు 2017-18లో ఐఎన్ఎస్‌వీ తారిణి మీద భూమి చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బి. ఐశ్వర్య ఉన్నారు. పసిఫిక్‌ను, కేప్ హార్న్‌ను దాటిన ఆ 56 అడుగుల బోటుకు స్టీరింగ్ చెడింది చిట్టచివరి అంచెలో, హిందూ మహాసముద్రంలో. మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు మళ్లి బాగుచేయించుకుని గోవా చేరారు. గడిచిన మైళ్లన్నీ స్టీరింగ్ మీద జమవుతూ ఉంటాయని గుర్తుంచుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బోటును గట్టు మీదికి ఎత్తినప్పుడు చుక్కాని కింది అంచు పట్టుకుని పక్కలకు బలంగా ఊపండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల కదలిక సహజం. టకటకమని చప్పుడు వస్తే బేరింగులు మార్చండి. లోపల చక్రం నుంచి చుక్కానికి పోయే తీగలను పాత గుడ్డతో తుడవండి, గుడ్డ పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ తీగ తెగడం మొదలైంది. అదనపు తీగ సెట్టు తప్పనిసరి. అత్యవసర టిల్లర్‌ను (చక్రం పనిచేయనప్పుడు చుక్కానిని తిప్పే కర్రను) బయటికి తీసి, నిజంగా బిగించి, సముద్రంలో ఒక గంట దానితోనే నడపండి. అది మంచానికో, చక్రానికో తగిలి పూర్తిగా తిరగదని చాలామందికి ఆ గంటలోనే తెలుస్తుంది.

మూడు వారాలు చేత్తో నడపడం నలుగురి వల్ల అవుతుంది గానీ నిద్ర, వంట, మరమ్మతు అన్నీ కుంటుపడతాయి. ఆటోపైలట్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. గాలి బలంతోనే చుక్కానిని నడిపే విండ్‌వేన్ ఉంటే కరెంటు కూడా మిగులుతుంది. అది పెట్టే ఖర్చు లేకపోతే ఆటోపైలట్ చుక్కానిని తోసే భాగం, దిక్సూచి సెన్సర్ అదనంగా ఒక్కొక్కటి కొని, ఒకసారి మార్చి చూసి పక్కన పెట్టండి. తెరచాపలు ఎక్కువై బోటు మెలికలు తిరుగుతుంటే ఆటోపైలట్ అరగంటకోసారి హెచ్చరిక మోత మోగిస్తుంది. అది యంత్రం లోపం అనుకుని బటన్లు నొక్కేముందు ఒక రీఫ్ వేయండి, సగం సార్లు మోత ఆగిపోతుంది.

కరెంటు, డీజిల్, నీళ్లు: మూడింటికీ ఒకటే లెక్క

12 వోల్టుల మీద ఆటోపైలట్ సగటున 4 ఆంపియర్లు లాగుతుంది, రోజుకు దాదాపు 100 ఆంపియర్ అవర్లు. ఫ్రిజ్‌కు 50, పరికరాలు, ఏఐఎస్ (చుట్టుపక్కల ఓడలను చూపే పరికరం), రేడియో, లైట్లకు 40. మొత్తం 190. సీసం బ్యాటరీల్లో సగమే వాడుకోవాలి కాబట్టి 400 ఆంపియర్ అవర్ల బ్యాటరీలంటే చేతికందేది 200. 400 వాట్ల సోలార్ పలకలు శీతాకాలంలో, తెరచాపల నీడ పోగా, 110 ఇస్తే సంతోషించాలి. పడమటికి వెళ్తున్నప్పుడు ఎండ దక్షిణం నుంచి, అంటే ఎడమ పక్క నుంచి పడుతుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు ముందుకు వస్తాడు, వెనక బిగించిన పలకల మీద తెరచాప నీడ పరుస్తుంది. కాబట్టి కదిలించగల పలకలుంటే ఎడమ రెయిలింగ్‌కు కట్టండి.

మిగతా 80 ఆంపియర్ అవర్ల కోసం ఇంజిన్ రోజూ గంటన్నర నడపాలి. గంటకు 2 లీటర్ల చొప్పున రోజుకు 3, 20 రోజులకు 60 లీటర్లు. ట్యాంకులో 200, నాలుగు క్యానుల్లో 80, మొత్తం 280 లీటర్ల డీజిల్ ఉందనుకుందాం. ఛార్జింగ్‌కు 60, రేవు చేరేటప్పటికి ముట్టుకోకూడని నిల్వ 40 తీసేస్తే 180 మిగులుతుంది. నడిపించేటప్పుడు గంటకు 3 లీటర్లు, వేగం 5 నాట్లు (గంటకు 5 నాటికల్ మైళ్లు) అయితే 60 గంటలు, 300 మైళ్లు. దారిలో తొమ్మిదో వంతు. గాలి పడిపోయిన మొదటి రోజే ఓపిక లేక ఇంజిన్ తిప్పేవాళ్లు ఈ అంకెను ఇంజిన్ తాళం పక్కన రాసి అతికించుకోవాలి.

ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి బోటు ఊగడం మొదలుపెట్టగానే పైకి లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది. రేవులో బాగా నడిచే ఇంజిన్ సముద్రంలో ఆగిపోవడానికి మొదటి కారణం ఇదే. బయల్దేరే నెలలో ట్యాంకు మూత విప్పి కడిగించండి, ఫిల్టర్లు ఆరు అదనంగా పెట్టుకోండి. ఫిల్టర్ మార్చి గాలి బుడగలు తీసి ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయడం నలుగురిలో కనీసం ఇద్దరికి చేతనవ్వాలి. నీటి పంపు రబ్బరు ఇంపెల్లర్లు రెండు, బెల్టులు రెండు ఆ ఫిల్టర్ల పక్కనే.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 3 లీటర్లు. నలుగురికి 25 రోజులకు 300 లీటర్లు. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రం ఉన్నా ఈ 300 బయల్దేరేటప్పుడే బోటులో ఉండాలి, యంత్రం ఇచ్చేది స్నానాలకు. రెండు ట్యాంకులుంటే మధ్య వాల్వు మూసి ఉంచి ఒకదాని తర్వాత ఒకటి వాడండి. ఒకటి కారిపోయినా, చెడినా రెండోది నిలుస్తుంది. వీటికి తోడు 5 లీటర్ల సీసాలు ఓ పన్నెండు బోటు అడుగున కట్టి ఉంచండి. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి చివర మంచినీళ్లతో తొలిపితే చాలు, గుడ్లూ బంగాళాదుంపలూ సముద్రపు నీళ్లలోనే ఉడకబెట్టొచ్చు.

తిండి

26 రోజులకు కొనండి. రోజుకు ఒక పూట అన్నం అయితే మనిషికి 150 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు. మొత్తం 16 కిలోల బియ్యం, 5 కిలోల పప్పు. లాస్ పాల్మాస్‌లో సింధీ వ్యాపార కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి కాబట్టి మన దినుసులు వెతికితే దొరికే ఊరే. కూరగాయలు, పళ్లు బజారు మెర్కాడో సెంట్రల్‌లో ముందే చెప్పి ఉంచితే ఫ్రిజ్‌లో పెట్టనివి ఇస్తారు. ఒకసారి చల్లబెట్టిన కూరగాయ బయట వారం కూడా ఆగదు. గుడ్లకూ అదే నియమం. ఫ్రిజ్ ఎరగనివి, కడగనివి వంద తీసుకుని, రెండు రోజులకోసారి అట్టలను బోర్లా తిప్పుతుంటే నెల దాకా ఉంటాయి.

అట్టపెట్టెలు బోటులోకి ఎక్కనివ్వకండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి, మధ్య అట్లాంటిక్‌లో పొదుగుతాయి. పళ్లూ కూరగాయలూ గట్టు మీదే కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వలల్లో వేలాడదీయండి. ఉల్లిపాయలను, బంగాళాదుంపలను వేర్వేరుగా ఉంచాలి, కలిపితే రెండూ తొందరగా మొలకెత్తి కుళ్లుతాయి. క్యాబేజీ మూడు వారాలు నిలుస్తుంది, పై ఆకులు తీస్తూ వాడుకోవడమే. ఎరుపెక్కని టమాటాలను ఒక్కొక్కటీ కాగితంలో చుడితే రెండు వారాలు వస్తాయి. అరటి గెల ఫోటోకు బాగుంటుంది గానీ మొత్తం ఒకే రోజు పండుతుంది, నలుగురికి రెండు అత్తాలు చాలు.

ప్రెషర్ కుక్కర్ లేకుండా మనవాళ్లు ఎలాగూ కదలరు, ఇక్కడ అది మరీ అవసరం. మూత బిగిసి ఉంటుంది కాబట్టి బోటు ఊగినా పొర్లదు, గ్యాసు ఆదా. బియ్యం అరగంట నానబెడితే ఇంకా ఆదా. 2.75 కిలోల క్యాంపింగ్ గ్యాజ్ సిలిండర్లు మూడు పెట్టుకోండి, ఒక్కొక్క దేశంలో సిలిండర్ బిగింపు ఒక్కో రకం కనుక కరీబియన్ చేరగానే నింపుకుందామన్న ధీమా వద్దు. ఆవకాయ సముద్రపు వికారానికి నోటికి ప్రాణం పోస్తుంది, కానీ గాజు సీసాలో వద్దు. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, రెండు సంచుల్లో కట్టి నిలబెట్టండి. నూనె కారి నేల మీదికి వస్తే మెట్ల దగ్గర ఎవరో ఒకరు జారిపడతారు. ఈ దారిలో కాలిన గాయాలు ఎక్కువగా అయ్యేది వంటింట్లోనే, పొయ్యి దగ్గర లుంగీలు, నిక్కర్లు మాని వాటర్‌ప్రూఫ్ ప్యాంటు వేసుకోమని చెప్పండి.

మొదటి మూడు రోజుల వంట రేవులోనే చేసి పెట్టుకోండి. పులిహోర, చపాతీలు, ఉడికించిన గుడ్లు. ఆ మూడు రోజులు వంటింట్లో నిలబడాలని ఎవరికీ అనిపించదు.

మనిషి పడిపోకుండా, బోటు మునగకుండా

6 నాట్ల వేగంతో వెళ్లే బోటు నిమిషానికి 185 మీటర్లు పోతుంది. పోల్ దించి, ప్రివెంటర్ విప్పి, తెరచాప చుట్టి వెనక్కి తిరగడానికి పది నిమిషాలు పడితే పడిన మనిషి ఒక మైలు వెనక ఉంటాడు. మూడు మీటర్ల అలల్లో ఆ తల కనిపించదు. పడిపోకపోవడం ఒక్కటే నిజమైన ఉపాయం. మెట్లు ఎక్కి కాక్‌పిట్‌లోకి అడుగుపెట్టే ముందే కొక్కెం తగిలించుకోవాలి, అందుకు మెట్ల పక్కనే ఒక కొక్కెం బిందువు బిగించండి. ఒక మీటరుది, రెండు మీటర్లది కలిసిన జంట పట్టీలు కొనండి. డెక్ మీద పరిచే పట్టీలు చదునైన నేతవి కావాలి, గుండ్రటి తాడు కాలి కింద దొర్లుతుంది. ఎండకు నైలాన్ బలం పోతుంది, రెండు మూడేళ్ల పాతవైతే మార్చేయండి. మగవాళ్లు రెయిలింగ్ పక్కన నిలబడి మూత్రం పోయకూడదన్న నియమం మొహమాటం లేకుండా మొదటి రోజే చెప్పాలి.

లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ విప్పండి. గ్యాస్ సిలిండర్ మర కదలికకు వదులవుతుంది, చేత్తో బిగించండి. దాన్ని వంటింటి త్రాసులో తూచి మీద చెక్కిన బరువుతో పోల్చండి. నోటితో ఊది 24 గంటలు వదిలేస్తే కారుతోందో లేదో తెలుస్తుంది.

బోటు అడుగున నీటి మట్టానికి అర మీటరు కింద 4 సెంటీమీటర్ల గొట్టం ఊడితే నిమిషానికి సుమారు 140 లీటర్లు లోపలికి వస్తాయి. చేతి పంపు దానికి సరితూగదు. అందుకే ప్రతి సీకాక్ (అడుగున గొట్టాన్ని మూసే వాల్వు) పక్కన సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉండాలి, సుత్తి ఎక్కడుందో అందరికీ తెలియాలి. సీకాక్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో బొమ్మ గీసి చార్టు టేబుల్ మూత లోపల అతికించండి. చీకట్లో ఒకసారి కళ్లు మూసుకుని అన్నింటినీ వెతికి మూయించండి.

మాస్ట్ కూలితే తీగలు కోయడానికి కట్టర్ అందరూ కొంటారు. పిన్నులను కొట్టి ఊడదీసే ఉలి, బరువైన సుత్తి అంతకంటే వేగంగా పనిచేస్తాయి, అవీ ఉంచండి. లైఫ్ రాఫ్ట్ సర్వీసు తేదీ ప్రయాణం మధ్యలో దాటిపోకుండా చూసుకోండి. దాని తాడు బోటుకు గట్టిగా కట్టి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. 406 మెగాహెర్ట్జ్ ఈపర్బ్ (ప్రమాదంలో ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం) రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఫోను నంబరు ఇంకా పనిచేస్తోందా? ఆ ఫోను ఎత్తేవాళ్లకు మీ దారి, బోటు రంగు, మనుషుల పేర్లు తెలుసా? సంకేతం అందగానే రక్షణ కేంద్రం మొదట చేసేది ఆ ఫోనే.

మందుల విషయంలో, రెండు నెలల ముందు నలుగురూ పళ్ల డాక్టరుకు చూపించుకోండి. వికారానికి సిన్నరిజిన్ వాడేవాళ్లు బయల్దేరే ముందు రాత్రే మొదలుపెట్టాలి, వాంతులు మొదలయ్యాక మింగితే నిలవదు. ఓఆర్ఎస్ పొట్లాలు 40, కాలిన గాయాల మందు, డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్స్. ఇసబ్‌గోల్ కూడా, మొదటి వారం అందరికీ అవసరం పడుతుంది. రోమ్‌లోని సీఐఆర్ఎం అనే వైద్య కేంద్రం సముద్రంలో ఉన్నవారికి ఉచితంగా వైద్య సలహా ఇస్తుంది, ఆ నంబరు ఉపగ్రహ ఫోనులో ముందే దాచుకోండి.

రాత్రి కాపలా

రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా నలుగురికీ తలా మూడు గంటలు. రోజూ ఒకరు ఒక గడి ముందుకు జరిగితే తెల్లవారుజాము కష్టం ఒక్కరి నెత్తినే పడదు. ఆరు మైళ్ల దూరంలో కనిపించిన ఓడ, మీ వేగం కలిపి 25 నాట్లతో దగ్గరైతే 14 నిమిషాల్లో మీ మీద ఉంటుంది. కాబట్టి పది నిమిషాలకోసారి చుట్టూ ఒక పూర్తి చూపు. ఏఐఎస్ ఉందని దీన్ని మానకండి, చిన్న బోట్లు చాలావాటికి అది ఉండదు.

చీకటి పడే ముందు తెరచాప ఒక మెట్టు తగ్గించడం అలవాటు చేసుకోండి. అసలు గాలి 20 నాట్లున్నా, 7 నాట్లతో దాని ముందు పరిగెత్తే బోటులో 13గానే తగులుతుంది. హాయిగా ఉందనుకుంటూ తెరచాపలన్నీ ఉంచేస్తారు. రాత్రి నల్లమబ్బు వచ్చి 35 నాట్లు కొట్టినప్పుడు, బోటు గాలి వైపు తిరిగిపోతే ఆ మొత్తం ఒక్కసారి మీద పడుతుంది. రీఫ్ వేయాలా అని సందేహం వచ్చిన క్షణమే వేయాలి. నిద్రపోతున్నవాళ్లను లేపినందుకు ఎవరూ విసుక్కోకూడదన్నది కూడా నియమమే, ఒక్కరే ముందు డెక్‌కు వెళ్లడం నిషేధం.

కాగితాలు

విమానంలో స్పెయిన్ చేరి సముద్రంలో బయటికి వెళ్తున్న భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు రేవు పోలీసుల దగ్గర నిష్క్రమణ నమోదు తప్పక చేయించుకోవాలి. లేకుంటే షెంగెన్‌లోనే (ఐరోపా ఉమ్మడి వీసా ప్రాంతం) ఉండిపోయినట్టు లెక్కకొస్తుంది, తర్వాతి వీసాకు అడ్డం పడుతుంది. అవతలి దీవికి వీసా నియమాలు ఒక్కో దీవికి ఒక్కోలా ఉంటాయి, దారి మళ్లే అవకాశమున్న దీవులవి కూడా ముందే చూసుకోండి. బోటు రిజిస్ట్రేషన్, బీమా, రేడియో లైసెన్సు, సిబ్బంది జాబితా నాలుగు ప్రతులు వాటర్‌ప్రూఫ్ సంచిలో.

చివరి వారం, మొదటి వారం

చివరి వారంలో కొత్తది ఏదీ బిగించకండి. బిగించిన ప్రతిదీ సముద్రంలో కనీసం రెండు రాత్రులు పరీక్ష పాసై ఉండాలి. గ్రాన్ కెనరియా తూర్పు, ఆగ్నేయ తీరం వెంట కొండల పక్కనుంచి గాలి ఒరుసుకుని వస్తూ ఒక్కసారిగా 10 నుంచి 15 నాట్లు పెరుగుతుంది. లాస్ పాల్మాస్ వదిలిన కొన్ని గంటల్లోనే, ఇంకా ఎవరి కాలూ నిలదొక్కుకోని సమయంలో, ఈ పట్టీ ఎదురవుతుంది. రీఫ్ రేవు దాటగానే వేసుకుని వెళ్లండి.

నేరుగా పడమటికి తిరగకండి. మొదట నైరుతిగా దిగి, 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 30 డిగ్రీల పశ్చిమ రేఖాంశం పరిసరాలకు చేరాక పడమటికి తిరిగే పాత పద్ధతిలో దూరం కొంత పెరిగినా గాలి ఎక్కువ నమ్మకంగా దొరుకుతుంది. రోజూ ఉదయం టీ అయ్యాక ఒకరు ముందు నుంచి వెనక దాకా డెక్ మీద నడిచి రావాలి. డెక్ మీద పడి ఉన్న నట్టు, పిన్ను, తాడు పీచు, గుడ్డ ముక్క, ఏది కనిపించినా అది ఎక్కడి నుంచి రాలిందో తెలిసేదాకా వదలకూడదు. దూరం సగం దాటాక చుక్కానికి, విండ్‌వేన్‌కు సర్గాసమ్ నాచు చుట్టుకుంటుంది. వేగం కారణం లేకుండా అర నాటు తగ్గితే ముందు అక్కడ చూడండి.

ఐదో రోజుకు ఒక నిర్ణయం తీసుకోవాలి. లాస్ పాల్మాస్‌కు సుమారు 860 మైళ్ల దూరంలో కేప్ వెర్డె దీవుల్లోని మిండెలో రేవు ఉంది, అక్కడ మరినా, మరమ్మతు చేసేవాళ్లు ఉన్నారు. దాన్ని దాటి పడమటికి వెళ్లాక వెనక్కి రావాలంటే గాలికీ ప్రవాహానికీ ఎదురీదాలి. కాబట్టి నలుగురూ కూర్చుని అప్పటిదాకా చెడినవాటి జాబితా రాయండి. తీగలో తెగిన పోగు, చుక్కాని దగ్గర కొత్త చప్పుడు, ఉన్న ఒక్క ఆటోపైలట్ ఆగిపోవడం, ఒక నీటి ట్యాంకు పోవడం, నాలుగు రోజులైనా నీళ్లు నిలవని మనిషి: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిండెలోకు మళ్లండి. ఫ్రిజ్, ఇంటర్నెట్, మరుగుదొడ్డి పంపు లాంటివి ఎంత విసిగించినా పడమటికే పోనివ్వండి.